బేరియం గీత, మడిచిన కాగితం

రిటైరై హిందూపురం తిరిగొచ్చిన కొత్తలో, ఏం ఉద్యోగం చేసేవారని వీధిలో అడిగితే "నక్షత్రాలు చూసే పని" అని చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఎదురింటి ఆవిడ మనవడి జాతకం పట్టుకొని వచ్చింది. కాదమ్మా, నక్షత్రాల్లో ఇనుమెంతుంది, కాల్షియం ఎంతుంది అని కొలిచేదాన్ని అన్నాను. ఆమె జాతకం మడిచి కొంగులో పెట్టుకుంది.

"దానికి గూడా జీతమిస్తారా పాపా?" అంది.

ఇచ్చారు. ముప్పై ఏళ్ళకు పైగా ఇచ్చారు. ఇవ్వకపోయినా చేసేదాన్నేమో అని ఇప్పుడు అనుకోవడం సులభమే. మా నాయన హిందూపురం మార్కెట్లో చింతపండు వ్యాపారి. ఆయన కూడా చివరిదాకా నా పనిని ఒకే ప్రశ్నతో ఆటపట్టించేవాడు. "అంత దూరం పోయి సూస్తే ఆడ గూడా ఇనుమేనా? ఇనుము మన ఇనపసామాన్ల అంగట్లో లేదా?"

ఈ పనిలోకి రాబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ ఏడాది ఏ హోదా వచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి రాయను. వాటిలో నేర్చుకునేది ఏమీ లేదు. నా పేరు చెప్తే నలుగురికీ గుర్తొచ్చే ఫలితం ఒకే ఒకటి ఉండేది. అది తప్పు. తప్పని నిరూపించింది నా దగ్గర చదువుకున్న అమ్మాయి. ఆ సంగతి చెప్పే పరిశోధన పత్రం మీద సంతకం పెట్టాలా వద్దా అన్న దగ్గర నేను కొన్ని నెలలు ఇరుక్కుపోయాను. ఆ సంగతి చెప్పకుండా మిగిలినవి ఎన్ని చెప్పినా దండగ.

పని ఏమిటంటే

నక్షత్రం వెలుగును టెలిస్కోపుతో పట్టి, రంగులు రంగులుగా విడదీస్తాం. ఆ రంగుల పట్టీలో అక్కడక్కడా సన్నటి నల్లగీతలుంటాయి. ఒక్కో మూలకానికి తన గీతలు తనకుంటాయి. ఇనుముకు వందల కొద్దీ, బేరియానికి నాలుగైదు. గీత ఎంత లోతుగా, ఎంత వెడల్పుగా ఉందో కొలిస్తే ఆ మూలకం ఎంతుందో లెక్క కట్టవచ్చు. చెప్పడానికి ఇంతే. చేయడానికి నాకు జీవితం పట్టింది.

నేను కొలిచినవన్నీ మనకు దగ్గర్లో ఉన్న పసి నక్షత్రాలు. దగ్గర అంటే వెలుగు మన దాకా రావడానికి వందో రెండొందలో ఏళ్ళు పడుతుంది. పసి అంటే పది కోట్ల ఏళ్ళు, అటూ ఇటూగా. సూర్యుడి వయసు ముందు అది ఒళ్ళో బిడ్డ వయసే. వీటిని ఎందుకు కొలవాలంటే, ఇవి నిన్న మొన్న మన చుట్టుపక్కల ఉన్న వాయువులోంచి పుట్టాయి. మన పరిసరాల్లో ఇప్పుడు ఏ సరుకుందో తెలియాలంటే వీటినే అడగాలి.

అడగవచ్చు గానీ, ఇవి కుదురుగా నిలబడి జవాబు చెప్పవు. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు నెల తీసుకుంటాడు. వీటిలో కొన్ని ఒక్కరోజులో గిర్రున తిరిగేస్తాయి. అంత వేగంగా తిరిగేదాని గీతలు పరుచుకుపోయి ఒకదాని మీద ఒకటి పడతాయి. పైగా ఒంటి నిండా మచ్చలు, అయస్కాంతపు పొంగులు. మాకు బాగా తెలిసిన ఒక నక్షత్రానికి మా సార్ "పెంకిది" అని పేరు పెట్టారు. దాని అసలు పేరు ఒక పొడుగాటి నంబరు. ఎవరికీ గుర్తుండేది కాదు. కథంతా ఆ పెంకిదాని చుట్టూనే నడుస్తుంది, అందుకే ముందే చెప్తున్నాను.

నరసింహ సార్

నాకు పని నేర్పిన నరసింహ సార్‌ది పెనుకొండ. బెంగళూరులో మా పరిశోధన సంస్థలో అప్పటికే పెద్ద పేరున్న మనిషి. అయినా నోరు తెరిస్తే పెనుకొండ కోట వీధే వినిపించేది. మొదటి రోజు నాది హిందూపురమని చెప్పగానే కుర్చీ చూపించి, "అయితే మన రైలే" అన్నారు. ఇంటర్వ్యూ అంతే.

ఆయనకు రెండు నియమాలుండేవి. మొదటిది, ముందు సూర్యుణ్ణి కొలవాలి. మా టెలిస్కోపున్న కొండ మీద, పరికరాన్ని నక్షత్రం వైపు తిప్పే ముందు, సాయంత్రం ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడే ఆ నీలాన్ని పట్టి కొలిచేవాళ్ళం. పగటి ఆకాశం వెలుగంటే సూర్యుడి వెలుగే కదా. సూర్యుడిలో ఏ మూలకం ఎంతుందో మనకు బాగా తెలుసు. మన పరికరం, మన పద్ధతి సూర్యుడి విషయంలో సరైన జవాబిస్తేనే నక్షత్రం సంగతి మాట్లాడే అర్హత. లేకపోతే ఆ రోజుకు పని బంద్.

రెండోది మడిచిన కాగితం. ఒకే నక్షత్రాన్ని ఇద్దరు విడివిడిగా కొలవాలి. ఎవరి అంకెలు వాళ్ళు కాగితం మీద రాసి, మడిచి, సార్ బల్ల మీద పెట్టాలి. ఆయన రెండూ ఒకేసారి విప్పేవారు. తేడా వస్తే ఎవరు సీనియరు, ఎవరు జూనియరు అని చూసేది లేదు. ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి. ఆయన కాగితమైనా అంతే. కంప్యూటర్లు వచ్చి కొలతలు వేగమయ్యాక కూడా ఈ మడత మాత్రం పోలేదు. బయటి నుంచి వచ్చినవాళ్ళు చూసి నవ్వేవారు. నవ్వనీ అనుకునేవాళ్ళం.

నా మొదటి తప్పు చేరిన మూడో నెలలో. ఒక నక్షత్రంలో ఎవరికీ కనబడని ఇనుప గీతలు నాకు కనబడ్డాయి. ఒకటి కాదు, అయిదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు సంతోషంతో. కాగితం మడిచి బల్ల మీద పెట్టాను. సార్ విప్పి, ఆ అయిదు గీతల చోట్లనూ వేలితో తడిమి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"ఇది ఇనుము గాదమ్మా. మన ఆకాశంలో తేమ. కొలిచిన దినం కొండ మీద మబ్బు పట్టిందా?"

పట్టింది సార్ అన్నాను.

"కరువు సీమలో పుట్టి, వాన కనపడితే ఇనుమంటావా నువ్వు?"

గదిలో అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ రోజు నుంచి ఏ గీత చూసినా ముందు నక్షత్రాన్ని నమ్మడం మానేశాను. నా పైనున్న గాలి, నా పరికరం, నా కన్ను, వీటినన్నిటినీ అనుమానించిన తరువాతే నక్షత్రం. మీరూ అదే వరసలో అనుమానించండి.

బేరియం

సార్ రిటైరయ్యే ముందు ఏడాది, ఇద్దరం కలిసి పెంకిదాన్ని, దాని తోబుట్టువుల్లాంటి మరికొన్ని నక్షత్రాలను కొలిచాం. అన్నిట్లోనూ ఒకే వింత. ఇనుము సూర్యుడికంటే కొంచెం తక్కువ. బేరియం రెండింతల పైన. సార్ కాగితం, నా కాగితం విప్పి పక్కపక్కన పెడితే అచ్చుగుద్దినట్టు ఒకటే. సూర్యుణ్ణి కూడా ఆ సాయంత్రమే కొలిచాం, సరిగ్గానే వచ్చింది. ఇంకేం కావాలి?

బేరియం ముసలి నక్షత్రాల కడుపులో తయారై, అవి చనిపోతూ వదిలిన ధూళిలో కలిసి బయటికొస్తుంది. పసి నక్షత్రాల్లో అది ఇంత ఎక్కువగా ఉందంటే, మన చుట్టుపక్కల ఈ మధ్య ఏదో పెద్ద సంగతి జరిగిందన్నమాట. నేను ఆ ఫలితాన్ని రాసి ప్రకటించాను. దేశాలు తిరిగి చెప్పాను. నన్ను పరిచయం చేసేవాళ్ళు బేరియం శారద అనడం మొదలుపెట్టారు. నాకు నచ్చింది. నచ్చలేదని అబద్ధం చెప్పను.

రెండేళ్ళ తరువాత పెంకిదాన్ని మళ్ళీ కొలిచాను. సార్ అప్పటికి పెనుకొండలో మంచం మీదున్నారు, రెండో కాగితం మడిచేవాళ్ళు లేరు. ఈసారి బేరియం ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ రోజు మబ్బు లేదు, పరికరం బాగానే ఉంది, సూర్యుడు సరిగ్గానే ఉన్నాడు. నేను ఏం చేశానో తెలుసా? పాత అంకె, కొత్త అంకె రెండూ నోటు పుస్తకంలో రాసి, కింద వాటి సరాసరి వేసుకొని, మూసి బీరువాలో పెట్టాను. కొలతల్లో తేడాలు మామూలే, సరాసరి తీస్తే నిజానికి దగ్గరవుతాం అని మాకు బడిలో నేర్పారు. కొలిచేవాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఇది. ఏమీ తెలియనివాడు తేడా చూసి ఆశ్చర్యపోయేవాడు. నేను ఆశ్చర్యపోకుండా ఉండటానికి చదువుకున్నాను.

పెనుకొండకు సార్‌ను చూడ్డానికి పోయినప్పుడు ఆ తేడా సంగతి చెప్పలేదు. ఆయన్ను ఇబ్బంది పెట్టడమెందుకని అనుకున్నాను. తరువాత కొన్ని నెలలకే ఆయన పోయారు.

బీరువాలోంచి

మంజుల మా దగ్గరికి వచ్చేసరికి నా జుట్టు సగం నెరిసింది. గుడిబండ దగ్గర పల్లె. వేరుశనగ, మల్బరీ పండించే ఇల్లు. తెలుగు, కన్నడ రెండూ ఒకే ఊపిరిలో మాట్లాడేది. డాక్టరేట్ కోసం పసి నక్షత్రాల బేరియాన్నే ఇచ్చాను, నా ఫలితాన్ని ఇంకా గట్టిపరుస్తుందని. అప్పటికి మా దగ్గర వెలుగును విడదీసే కొత్త పరికరం, స్పెక్ట్రోగ్రాఫ్, ఉంది. పాతదానికంటే గీతలు చాలా స్పష్టంగా కనబడతాయి.

మూడో ఏడాది చివర్లో పాత కొలతలు కావాలంటే బీరువా తాళం ఇచ్చాను. ఒక మధ్యాహ్నం నా పాత నోటు పుస్తకం చేతిలో పట్టుకొని నా గదికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"మేడమ్, ఒగటి అడగల్ల. కోపం చేసుకోగూడదు."

"కోపం వచ్చేదే అడుగుతావు. అడుగు."

"పెంకిదాంట్లో రెండేండ్లల్లో బేరియం పెరిగినట్ల ఉండాది మీ పుస్తకంలో. నేను పోయినేడు కొలిస్తే తగ్గింది. ఈ యేడు మళ్ళా పెరిగింది. నక్షత్రంలో ఉన్న సరుకు రెండేండ్లకొకసారి యాడికి పోయి వస్తాది మేడమ్?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు ఆ క్షణంలోనే తెలుసు. యాడికీ పోదు. నక్షత్రంలోని బేరియం కోట్ల ఏళ్ళు గడిచినా కదలదు. గీత మారిందంటే మారింది బేరియం కాదు, ఇంకేదో. అంటే బేరియం ఎక్కువని నేను ఇన్నేళ్ళుగా చెప్తున్నది నక్షత్రం లోపలి సరుకు గురించి కానే కాదు.

తెలిసీ ఏమన్నానంటే, "నీ కొలత తప్పయి ఉంటుంది. మొదటి నుంచి కొలిచి తీసుకురా."

కొలిచింది. అదే వచ్చింది. మబ్బు సంగతి చూడమన్నాను, చూసింది. పరికరం మీద నెపం వేశాను, అదీ పరీక్షించింది. అట్లా మూడు నెలలు ఆ పిల్లను తిప్పాను. ఆమె ఫెలోషిప్ గడువు దగ్గర పడుతోందని నాకు తెలుసు. అనుమానించడం నేర్పిన గురువు నరసింహ సార్ నన్ను అప్పుడు చూసి ఉంటే ఏమనేవారో ఊహించుకోవడం కూడా నాకిష్టం లేకపోయింది. చివరికి మంజుల ఒక మెయిల్ పంపింది. అనుమతిస్తే దీన్నే థీసిస్‌లో రాస్తానని, వద్దంటే వేరే అంశం చూసుకుంటానని. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను మూడు వారాలు జవాబు ఇవ్వలేదు.

ఆ రోజుల్లో మా సంస్థకు పెద్దగా ఉన్నాయన నన్ను కాఫీకి పిలిచాడు. సంగతి ఆయనకెట్లా తెలిసిందో తెలియదు. మంచివాడే, కానీ గొడవలంటే భయం. "బేరియం మన సంస్థకొక గుర్తింపమ్మా. ఆ అమ్మాయికి ఇంకో అంశం ఇచ్చేయండి, అందరికీ సుఖం" అన్నాడు. నాకు అదే కావాలి. నేను అనాలనుకున్న మాట ఆయన నోటి నుంచి వినగానే మాత్రం ఎందుకో ఒళ్ళు మండింది.

ధర్మవరంలో వంకాయ రంగు

ధర్మవరంలో మా చిన్నమ్మకు పట్టు నూలుకు రంగులద్దించే పని ఉంది. చిన్నాయన పోయినప్పటి నుంచి ఆమే నడుపుతోంది. ఆ వారం ఆమెను చూడ్డానికి వెళ్ళాను. నిజానికి బెంగళూరు నుంచి పారిపోయాను.

పెరట్లో వెదురు గడల మీద వంకాయ రంగు నూలు చిలపలు, అంటే పోగుల కట్టలు, ఆరుతున్నాయి. చిన్నమ్మ రెండు చిలపలు చేతిలో పట్టుకొని వాకిట్లో ఎండలోకి వచ్చి నిలబడింది. రంగు అద్దే ఓబులేసు ఆమె వెనకే. ఆ రెండూ ఒకే తొట్టిలో ముంచినవట. ఒకటి వంకాయ, ఇంకొకటి వంకాయకు కొంచెం ఇవతల. తేడా చూపిస్తే గానీ నాకు తెలియలేదు.

"ఈ మాత్రానికేమిలేమ్మా, రెండూ కలిపి పడుగులో ఏసేస్తే సరిపోతాది. ఎవురికి తెలుస్తాది?" అన్నాడు ఓబులేసు.

చిన్నమ్మ ఆయన వైపు చూడను కూడా లేదు. "కలిపేస్తే సగం సగం రంగొస్తాదనుకుంటాండావా? చీర పొడుగునా చారలు పడతాయి. కట్టుకున్నామె ఎండలోకి వచ్చినాక చూడు. తొట్టి ఒగటే, రంగు ఒగటే. మరి తేడా యాడిది? అది చెప్పు ముందు."

ఆమె రెండు చిలపల నుంచీ ఒక్కో పోగు లాగి వేళ్ళ మధ్య నలిపింది. ఒకటి మెత్తగా ఉంది, ఒకటి కొంచెం గరుగ్గా. రంగు అద్దే ముందు పట్టును సబ్బునీళ్ళలో ఉడకబెట్టి జిగురు తీస్తారు. ఒకదానికి జిగురు సరిగ్గా పోలేదు. అందుకని అదే రంగును వేరే తీరుగా పట్టింది.

"రంగుది గాదు తప్పు. నూలుది," అంది చిన్నమ్మ. "ఏం పాపా, నువ్వట్ల నిలబడిపోయినావేమి?"

నాకు నా నోటు పుస్తకంలో రాసుకున్న సరాసరి కళ్ళ ముందు కనబడింది. తొమ్మిదో తరగతి దాకా చదివిన మా చిన్నమ్మ, ఒక పోగు కోసం ఆగి నిలబడింది. నేను పెంకిదాని మొత్తాన్ని కలిపేసి చారల చీర నేసి, దాన్ని దేశాల మీద ప్రదర్శించాను. సిగ్గుపడ్డాను. దాని వెంటే ఒక ఉత్సాహం వచ్చింది, చాలా ఏళ్ళుగా రానిది. తేడా యాడిది? అది చెప్పు ముందు.

మేడ మీద గదిలో కూర్చొని మంజులకు ఫోన్ చేశాను. ఆమె వేరుశనగ పెరకడానికి ఊరికి వచ్చి ఉంది.

"మంజులా, పసి నక్షత్రాల పైపొరలు అయస్కాంతపు పొంగులతో అల్లకల్లోలంగా ఉంటాయి కదా. బేరియం గీతలు బలమైనవి, అవి ఆ పైపొరల్లోనే పుడతాయి. పొంగు ఎక్కువైన ఏడాది గీత లావవుతుంది. అదే నీ అనుమానం, అవునా?"

"హౌదు మేడమ్. మీరు అడగరేమో అనుకుంటి."

"అయితే లోపలి పొరల్లో పుట్టే సన్న గీతలు చూడాలి. లాంథనం, సీరియం. ఆ రెండు మూలకాలూ బేరియంతో పాటే ముసలి నక్షత్రాల్లో తయారవుతాయి. బేరియం నిజంగా ఎక్కువైతే అవీ ఎక్కువుండాలి. పెంకిదాని అన్నేళ్ళ వెలుగూ నీ దగ్గరుంది, నా దగ్గరా ఉంది. ఇనుముకు కూడా సన్న గీతలే తీసుకో. నువ్వు కొలువు, నేను కొలుస్తాను. సోమవారం పొద్దున రైలుకు హిందూపురంలో ఎక్కు."

"కాగితం?"

"మడిచి తీసుకురా."

రైలు

రెండు రోజులు చిన్నమ్మ మేడ మీద లాప్‌టాప్ ముందేసుకొని కొలిచాను. ఆమె అన్నం పైకే పంపింది. సన్న గీతలు కొలవడం కష్టం. పెంకిది తిరిగే వేగానికి అవి పరుచుకుపోయి, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. ఒక్కో గీతకు గంటలు పట్టింది. నా కన్ను ఇంకా పనిచేస్తోందని తెలిసి, నిజం చెప్పొద్దూ, లోపల లోపల మురిసిపోయాను. అంకెలు కాగితం మీద రాసి నాలుగు మడతలు పెట్టాను.

సోమవారం ధర్మవరంలో కిటికీ పక్క సీటు దొరికింది. పెనుకొండ వచ్చేసరికి కొండ మీద ఎండ పడుతోంది. ఆ కాగితం సంచిలో పెట్టుకొని సార్ ఊరు దాటుతున్నప్పుడు భయమేసింది. బేరియం పరిశోధన పత్రం మీద నా పేరొక్కటే కాదు, ఆయన పేరూ ఉంది. ఆయన తన మాట చెప్పుకోవడానికి వీల్లేని రోజున ఆయన పని కూడా నేను చెరిపేయబోతున్నాను.

హిందూపురంలో మంజుల ఎక్కింది. చేతిలో గోనెసంచి, దాంట్లో పచ్చి వేరుశనక్కాయలు. నా పక్కన కూర్చొని, సంచి కింద పెట్టి, కాగితం తీసి ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టింది. నేను నాది పెట్టాను.

"మేడమ్, రెండూ ఒగటే వస్తే?" అంది.

"రాసుకుంటాం."

"మీ బేరియం పోతాది."

"పోతే పోనీ, విప్పు."

గౌరిబిదనూరు దాటాక విప్పింది. లాంథనం, సీరియం. మూడు వేర్వేరు ఏళ్ళ అంకెలు. ఆమె కాగితంలోనూ నా కాగితంలోనూ మూడేళ్ళూ ఒకటే, సూర్యుడిలో ఎంతో అంతే. పెరగడం లేదు, తగ్గడం లేదు. సన్న గీతలతో లెక్కిస్తే ఇనుము కూడా సూర్యుడితో సమానంగా వచ్చి కూర్చుంది. పెంకిదాంట్లో వింతేమీ లేదు. మన సూర్యుడి సరుకే, కాకపోతే కుదురు లేని వయసు.

మంజుల ఏడ్చింది. ఎదుటి సీటు ముసలాయన, "ఏమయిందమ్మా పాపకు, పరీక్ష పోయిందా?" అని అడిగాడు.

"లేదు పెద్దాయనా, పాసయింది. పోయింది నాది," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మంజుల ఆయన చేతిలో గుప్పెడు వేరుశనక్కాయలు పెట్టింది. నేనూ తిన్నాను. బేరియం పోయిన బాధ ఉంటుందనుకున్నాను. ఉంది కూడా, కాదనను. కానీ దానికంటే, ఆ సన్న గీతలను ఇద్దరం విడివిడిగా పట్టి ఒకే అంకె దగ్గరికి చేరామన్న గర్వం ఎక్కువగా ఉంది. ఆ పిల్ల చేయి నా చేయంత నిలకడగా కొలిచింది. అది నేను నేర్పిందే.

సంతకం

ఈ ఫలితం మీద పరిశోధన పత్రం రాసేటప్పుడు మంజుల మర్యాదకు పోయి, గతంలో ప్రకటించిన విలువలను "పునఃపరిశీలించాల్సిన అవసరం ఉంది" అని రాసింది. కొట్టేసి, "గతంలో మేము ప్రకటించిన విలువ తప్పు" అని నా చేతితో రాశాను. తప్పును తప్పనడానికి ఇన్ని వంకరలెందుకు? సంస్థ పెద్ద మళ్ళీ కాఫీకి పిలిచాడు. ఈసారి కాఫీ తాగకుండానే చెప్పాల్సింది చెప్పి వచ్చాను. పైన మంజుల పేరు, కింద నా పేరు. సంతకం పెట్టాను.

కొన్నాళ్ళు నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. శిష్యురాలి చేతిలో దెబ్బ తిన్నదన్నారు. తినలేదు. ఆ దెబ్బ వేయడం నేర్పడానికే నాకు జీతమిచ్చారు. ఇప్పుడు పసి నక్షత్రాలను కొలిచేవాళ్ళు బలమైన గీతలను పక్కనపెట్టి సన్నవాటితో మొదలుపెడుతున్నారు. మా బేరియం మీద కథలల్లినవాళ్ళు ఆ కథలు మానుకున్నారు.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒక్క మాట. ఇద్దరి కాగితాలు కలిశాయంటే ఇద్దరూ సరైనవాళ్ళని కాదు. ఇద్దరూ ఒకే గీతలను ఒకే తీరుగా నమ్మి ఉండొచ్చు. సార్, నేను అదే చేశాం. అంకెల మధ్య తేడా వచ్చినప్పుడు దాన్ని సరాసరిలో పాతిపెట్టకండి. ఆ తేడానే పట్టుకొని అడగండి.

పెనుకొండలో

పోయిన చలికాలంలో పెనుకొండలో ఒక కాలేజీవాళ్ళు నరసింహ సార్ జ్ఞాపకార్థం మాట్లాడమని పిలిచారు. వేదిక మీద నన్ను పరిచయం చేసిన లెక్చరర్ పాత సమాచారం పట్టుకొచ్చాడు. పసి నక్షత్రాల్లో బేరియం ఎక్కువని కనుక్కున్న మహా శాస్త్రవేత్త అన్నాడు. లేచి, అది తప్పని తేలిందని చెప్పి, ఎట్లా తేలిందో ఉన్నదున్నట్టు చెప్పాను. సరాసరి సంగతి, మూడు నెలలు మంజులను తిప్పిన సంగతి కూడా.

చివర్లో ముందు వరసలోని ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, మీరు కనుక్కున్నది పోయింది గదా. మరి ఇన్నేండ్లు చేసింది ఏం మిగిలింది?"

ప్రిన్సిపాల్ ఆమెను కూర్చోమని సైగ చేశాడు. నేను ఆపాను. ఈ ఊరి పిల్లలు ఇట్లా అడగాలి.

"మిగిలింది ఆడ మూడో వరసలో కూచోనుండాది," అన్నాను. "లే మంజులా."

మంజుల ఇప్పుడు మా సంస్థలోనే నా గదిలో కూర్చుంటోంది, పిల్లలకు తనే పని నేర్పుతోంది. చప్పట్ల మధ్య లేచి నిలబడింది గానీ మొహంలో సంతోషం లేదు. సభ అయిపోయి అందరూ టీల వైపు పోయాక నా పక్కకొచ్చింది.

"మేడమ్, మీకొగటి చెప్పల్ల. నెలదినాల నుంచి చెప్పల్ల చెప్పల్ల అనుకుంటాండా, భయమయితాండాది."

"ఏమయింది?"

"మనం ఆ పేపర్లో సీరియం గీత ఒగటి వాడింటిమి గదా. అది సీరియం ఒక్కటే గాదంట. దాని కిందనే ఇంకో గీత దాక్కోనుండాదని నా దగ్గర చేరిన పాప చెప్తాది. మూడు నెలలుగా తిప్పుతాండా దాన్ని. నిన్న మళ్ళా మడిచి నా చేతిలో పెట్టింది."

మా సార్ కోట వీధి అక్కడికి నాలుగడుగుల దూరంలోనే ఉంది. మంజుల నేను తిడతానేమోనని నా మొహం వైపు చూస్తోంది. ఆమె భుజం మీద చేయి వేశాను.

"కాగితం తెచ్చినావా?" అని అడిగాను.

తెచ్చింది.